రాజు వేరు, అర్ఘాధిపతి వేరు

ఉగాదినాడు మన దేవాలయ మండపమున పంచాంగ శ్రవణము జరుగునప్పుడు నవనాయకుల పేర్లు చదువుట వాడుక. ఆ సంవత్సరమునకు రాజు ఎవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు, రసాధిపతి ఎవరు, అర్ఘాధిపతి ఎవరు అని గ్రహముల పేర్లు వరుసగా చెప్పుదుము. అర్ఘమనగా ధర. ధరలకు అధిపతియగు గ్రహము, రాజగు గ్రహము ఒక్కటియే కావలెనను నియమము లేదు. పెక్కు సంవత్సరములయందు ఇరువురును వేరు వేరుగానే యుందురు. మొన్నటి ఉగాదికి ఈ భాగము చదివి ముగించి పచ్చడి పంచుచుండగా ఒక యువకుడు మమ్ము సమీపించి, “పంతులుగారూ, మన దేశమునకు రాజు పోర్ట్ లూయిలో ఉన్నాడు సరే; అర్ఘాధిపతి ఎక్కడ ఉన్నాడండీ?” అని యడిగెను.

చుట్టునున్నవారు నవ్విరి. ఆతడు నవ్వలేదు. ఆతని తండ్రికి రెండెకరములకు తక్కువగు చెరకు పొలము కలదు. మూడేండ్లనుండి ఆయన దానిని బీడు వదలినాడు. “ఓటు వేసినను ఒకటే, వేయకపోయినను ఒకటే. అంతయు బ్రస్సెల్సులోను జెనీవాలోను తేలుచున్నది గదా” అని ఆ యువకుడు మరల అనెను. ప్రసాదము పంచుచు చెప్పదగిన జవాబు మాకు తోచలేదు. అందుచేత ఈ పత్రికయందు వ్రాయుచున్నాము. మేము ఆర్థికశాస్త్రము చదివినవారము కాము. కాని చెరకు తూనిక చీటీ చదువుట మన యిండ్లలో పలక పట్టకముందే నేర్చుకొన్న విద్య. ఈ విషయమునకు ఆ చీటీతోనే మొదలుపెట్టుట మేలు.

పెద్ద పెద్ద దేశములలోని విద్వాంసులు ఇటీవల ముప్పది నలుబది యేండ్లుగా ప్రపంచీకరణము జాతీయ రాజ్యముల అధికారమును హరించుచున్నదని వాదించుచున్నారు. అది వారికి క్రొత్త సంగతి కావచ్చును. మన మారిషస్ ద్వీపమునకు ఇది పుట్టుకతో వచ్చిన సంగతి. ఇక్కడ ముందు వచ్చినది ధర. రాజ్యము దానికి నూటనలుబది యేండ్లకు పైబడి తరువాత వచ్చినది.

1825లో బ్రిటిష్ పార్లమెంటు మారిషస్ చక్కెరపై సుంకమును వెస్టిండీస్ చక్కెర సుంకముతో సమానము చేసినది. లండనులో మారిన ఆ ఒక్క అంకెవలన ఇక్కడి అడవులు నరికి చెరకు నాటిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన బానిసత్వము రద్దయినది. బానిసల యజమానులకు 20 లక్షల పౌండ్లకు మించిన పరిహారము ముట్టినది. బానిసలకు ఏమియు ముట్టలేదు. తోటలకు చేతులు కావలసివచ్చినవి. అంతకు కొలది నెలల ముందే, 1834 నవంబరు 2వ తేదీన, అట్లాసు అను ఓడలో కలకత్తానుండి 36 మంది కూలీలు పోర్ట్ లూయిలో దిగియుండిరి. వారి వెనుక 1910 వరకు నాలుగున్నర లక్షలకు పైబడి జనులు వచ్చిరి. గోదావరి ముఖద్వారముననున్న కోరంగి రేవునుండి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి మన తాతముత్తాతలు వచ్చిరి. అందుచేతనే ఇతరులు మనవారిని చిరకాలము ‘కోరంగులు’ అని పిలిచెడివారు. వారు మెట్లెక్కిన ఆ రేవు నేడు ఆప్రవాసీ ఘాట్ అను పేర 2006 నుండి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందియున్నది.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనింపవలెను. కూలీల యిక్కట్లు విని, భారతదేశమునేలు కంపెనీ ప్రభుత్వము 1839లో వలసను నిషేధించినది. ప్రభుత్వమునకు ఆ అధికారము నిజముగా నుండెను, దానిని వాడెను గూడ. కాని తోటల యజమానులు, లండను వర్తకులు ఊరకుండలేదు. 1842లో చట్టము మార్చిరి, మరుసటి యేడే ఓడలు మరల కదలినవి. ప్రపంచ విపణి ఒక ప్రభుత్వాజ్ఞను వెనుకకు త్రిప్పిన కథ మన వంశముల మొదటి పుటలోనే కలదు.

మన తాతలను శాసించిన దొరలు సర్వాధికారులని మనము చిన్ననాట వినుచుంటిమి. దొర రాగానే తలపాగా తీసి నిలుచుండెడివారని చెప్పుదురు. ఆ దొరలును ధరకు బంట్లేయని తరువాత చదువుకొనగా తెలిసినది. 1846లో బ్రిటిష్ పార్లమెంటు మరియొక చట్టము చేసినది. విదేశపు చక్కెరకును సామ్రాజ్యపు చక్కెరకును సుంకము క్రమముగా సమానము కావలెనని దాని సారాంశము. 1854 నాటికి అది పూర్తియైనది. అప్పటికి బ్రెజిలులోను క్యూబాలోను బానిసలే చెరకు కొట్టుచుండిరి. బానిసలను విడిచిపెట్టిన దీవిలోని చక్కెర, బానిసలు చేసిన చక్కెరతో ఒకే తక్కెడలో పోటీ పడవలసివచ్చినది. 1847, 1848 సంవత్సరములలో లండనులోను ఇక్కడను పెట్టుబడి పెట్టు పెద్ద వర్తక సంస్థలు దివాలా తీసినవి. ఈ చట్టము మంచిదా చెడ్డదా అని మన ద్వీపములో ఎవరినీ అడిగినవారు లేరు. దొరను అడుగలేదు, కూలీని అంతకన్న అడుగలేదు. ఈ బ్రెజిలు పేరు చదువరులు గుర్తుంచుకొనవలెను, మరల వచ్చును.

1880 ప్రాంతమునుండి వచ్చిన దెబ్బ మరింత గట్టిది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశములు బీటు దుంపనుండి చక్కెర తీసి, ఎగుమతికి తమ ఖజానానుండి బహుమానములిచ్చి, ప్రపంచమంతట చౌకగా కుమ్మరించినవి. మారిషస్ చక్కెరలో పెద్ద భాగము భారతదేశమునకు పోవుచుండెను. మన ద్వీపమునకు 1876లో రూపాయి నాణెము రాజనాణెమైనది ఆ వ్యాపారముచేతనే. ఐరోపా రాజ్యములు తుదకు 1902లో ఒక చోట కూడి ఆ ఎగుమతి బహుమానములను మానుటకు ఒడంబడిక చేసికొన్నవి. ఆ కూటము జరిగిన పట్టణము బ్రస్సెల్సు. మన చెరకు రైతు బ్రతుకులో ఆ పట్టణము పేరు నూరేండ్ల తరువాతనే వచ్చినదని యువకులనుకొందురు. అది ముందే వచ్చియున్నది.

ఆ ధరల పతనము చేసిన పనిని మేము కొంత వివరముగా చెప్పదలచితిమి, ఏలనన మనలో పెక్కుమంది కుటుంబముల భూమి దానివలననే వచ్చినది. చక్కెరకు ధర పడిపోగా అప్పులలో మునిగిన యజమానులు పెద్ద తోటలను నిలుపుకొనలేక, అంచులలోని రాతి నేలలను, మిల్లుకు దూరమైన ముక్కలను విడదీసి అమ్మజొచ్చిరి. 1880 మొదలు సుమారు 1920 వరకు సాగిన ఈ ముక్కల అమ్మకమునకు ఫ్రెంచి మాటలో పెద్ద మోర్సెల్మాఁ అని పేరు. కొన్నవారు ఎవరు? ఒప్పందము ముగించుకొన్న కూలీలు, సర్దారులు, ఆవును పెంచి పాలమ్మినవారు, కూరగాయలు గంపలో మోసి అమ్మినవారు. కొన్ని యిండ్లలో స్త్రీల మెడలోని బంగారమే ఆ నేలకు వెలయైనది. ఏరిన రాళ్లను గుట్టలుగా పేర్చి, గుట్టల నడుమ చెరకు నాటిరి. ఆ రాతి గుట్టలు నేటికిని పొలములలో నిలిచియున్నవి.

కావున ప్రపంచపు ధర ఎల్లప్పుడును పేదవానికి శత్రువని చెప్పుటకు మాకు నోరు రాదు. ధర పడినందుననే దొర చేతినుండి నేల జారినది, మన చేతికి వచ్చినది. ఏ ప్రభుత్వమును భూసంస్కరణ చట్టము చేసి మనకు ఆ నేలను ఇచ్చియుండలేదు.

అయితే నేల వచ్చినది గాని మిల్లు రాలేదు. చెరకు కొట్టిన పిమ్మట ఆలసించినచో రసములోని తీపి తరుగును. దగ్గరి మిల్లుకే తోలవలెను, ఆ మిల్లు చెప్పిన లెక్కకే ఒప్పుకొనవలెను. 1858లో ఈ దీవిలో 259 మిల్లులుండెడివి. అటుపై పెద్దవి చిన్నవానిని మ్రింగుచు వచ్చినవి. 1937లో చిన్న రైతులు ఎక్కువగా పండించు ఊబా జాతి చెరకునకు మిల్లువారు ధరలో నూటికి 15 వంతు తగ్గించిరి. ఆగస్టు నెలలో ఫ్లాక్ ప్రాంతమున అలజడి రేగినది. యూనియన్ ఫ్లాక్ ఎస్టేటులో కాల్పులు జరిగి నలుగురు మరణించిరి. ఆ తరువాత విచారణ సంఘము వచ్చినది, కార్మిక చట్టములు వచ్చినవి, సంఘములు పెట్టుకొను హక్కు వచ్చినది. తూనిక చీటీమీది ఒక్క అంకెకొరకు ప్రాణములు పోయిన దేశము మనది. ధరను ఎవరు నిర్ణయింతురను ప్రశ్న పుస్తకములనుండి పుట్టినది కాదు.

1951లో కామన్వెల్తు చక్కెర ఒడంబడిక కుదిరినది. ఇంత చక్కెరను ఇంత ధరకు కొందుమని బ్రిటను ముందుగా మాట యిచ్చు పద్ధతి అది. ఆ ఆధారముతోనే 1968 మార్చి 12వ తేదీన షాఁ ద మార్స్ మైదానములో మన జెండా ఎగిరినది. ఎగురకముందు పెద్దలు కొందరు భయపడిరి. 1961లో ప్రచురితమైన ప్రొఫెసరు మీడ్‌గారి నివేదిక, చక్కెర ఒక్కటియే ఆధారముగా, జనసంఖ్య ఇంత వేగముగా పెరుగుచున్న దీవికి భవిష్యత్తు ఇరుకుగా నున్నదని హెచ్చరించినది. మీడ్‌గారికి 1977లో నోబెల్ బహుమానము వచ్చినది; మన దీవి విషయమున మాత్రము ఆయన భయపడినంత కాలేదు.

ఎందుకు కాలేదని యడిగినచో, మా అభిప్రాయమున ముఖ్య కారణము 1975 ఫిబ్రవరి 28వ తేదీన టోగో దేశపు లోమే పట్టణములో జరిగిన సంతకము. బ్రిటను ఐరోపా ఆర్థిక సమాజములో చేరినందున పాత కామన్వెల్తు ఒడంబడిక ముగిసినది. దాని స్థానములో ఆఫ్రికా, కారిబియను, పసిఫికు దేశములనుండి సుమారు 13 లక్షల టన్నుల చక్కెరను హామీ ధరకు కొందుమని ఐరోపా ఒప్పుకొన్నది. అందులో 4,87,200 టన్నులు మారిషస్ వంతు. అన్ని దేశములలోను అదియే పెద్ద వంతు. 1974 చివర ప్రపంచ విపణిలో చక్కెర ధర మునుపెన్నడు లేనంత ఎత్తునకు పోయియుండెను. అట్టి సమయమున నేటి లాభమునకు ఆశపడక, రేపటి హామీని పెద్ద వంతుగా పట్టుకొన్నది మన ప్రభుత్వము. తరువాత కొలది కాలములోనే ప్రపంచపు ధర కూలినది. హామీ ధర మాత్రము పెక్కు సంవత్సరములలో ప్రపంచపు ధరకు రెండింతలు, మూడింతలుగా నిలిచినది.

జెండా ఎగిరిన దినమున మనకు రాజ్యము వచ్చినదని పిల్లలకు చెప్పుదుము. రాజ్యము చేతికి ధనము వచ్చినది ఈ సంతకమువలన. ఎగుమతి చక్కెరపై పన్ను వేయుటకు శక్తి వచ్చినది. ఆ పన్ను 1994 వరకు ఏదో రూపమున సాగినది. 1977నుండి మాధ్యమిక విద్య ఉచితమైనది. ప్రాథమిక పాఠశాలతో పుస్తకము మూసిన మా వంటివారి పిల్లలు న్యాయవాదులు, వైద్యులు అయినది ఆ చక్కెర పన్నుతోనే. బియ్యము, గోధుమపిండి చౌక ధరకు దొరికినవి. విదేశపు ఒడంబడిక రాజ్యాధికారమును తగ్గించునని కొందరందురు. మన విషయమున ఒక ఒడంబడిక ఆ అధికారమునకు ఎముక పోసినది.

దుస్తుల మిల్లుల కథ త్వరగా చెప్పి ముగింతుము. 1970లో ఎగుమతి మండల చట్టము వచ్చినది. ధనిక దేశములు దుస్తుల దిగుమతికి దేశమునకింత యని కోటాలు పెట్టియుండుటచేత, కోటా నిండిన హాంకాంగు వర్తకులు కోటా మిగిలియున్న మన దీవికి కుట్టు యంత్రములతో వచ్చిరి. చెరకు కలుపు తీసిన స్త్రీల కుమార్తెలు స్వెట్టర్లు అల్లిరి. 2005 జనవరి 1న ఆ కోటాలు ప్రపంచమంతట రద్దయినవి. కొన్ని మిల్లులు మడగాస్కరుకు, మరికొన్ని ఇతర దేశములకు తరలినవి. మన పార్లమెంటు ఆ కోటాలను పెట్టనూ లేదు, తీయనూ లేదు.

రాజ్యము మెడ వంచిన కాలము నడుమ ఒకటి కలదు. చక్కెర ధర పడిపోయి, నూనె ధర పెరిగి, ఖజానా వట్టిపోగా మన ప్రభుత్వము అంతర్జాతీయ ద్రవ్య నిధిని ఆశ్రయించినది. 1979లో ఒకసారి, 1981లో మరియొకసారి రూపాయి విలువ తగ్గించిరి. దేవునికి కొట్టు కొబ్బరికాయ మొదలు కర్పూరము వరకు ధర పెరిగినది. కోపించిన ప్రజలు 1982 ఎన్నికలలో పాత ప్రభుత్వమును ఊడ్చివేసిరి. 60 స్థానములకు 60 ప్రతిపక్షమునకే ఇచ్చిరి. ఇంత సంపూర్ణమైన ప్రజాజ్ఞ ప్రపంచములో అరుదు. అయినను అధికారమునకు వచ్చిన క్రొత్తవారు ద్రవ్య నిధి మార్గముననే నడచిరి. అందువలన వారిలో వారికి పొత్తు చెడి మరుసటి సంవత్సరమే మరల ఎన్నికలు వచ్చినవి. ఆ యువకుడు ఈ కథ తెలిసి మాట్లాడియుండినచో అతని వాదము మరింత బలపడియుండెడిది.

కాని ఆ కథలో రెండవ సగము కూడ కలదు. బియ్యము, పిండిపై సహాయమును తగ్గించిరే గాని ఎత్తివేయలేదు. పాఠశాలలలో రుసుము పెట్టలేదు. ఆసుపత్రి ద్వారమున డబ్బు అడుగలేదు. అప్పిచ్చువాడు చెప్పిన పది మాటలలో ఏడింటికి తలయూపి, మూడింటికి ‘కుదరదు’ అనుట కూడ అధికారమే. ఆ మూడు ఏవి కావలెనో నిర్ణయించినది మన ఓటు. ఓటు వేసినవారు ఎవరు? చీటీ బియ్యము తినువారు, బడికి పిల్లలను పంపువారు.

ఇక తుది దెబ్బ. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ జెనీవాలో ఏర్పడినది. 2002లో బ్రెజిలు, ఆస్ట్రేలియా, మరుసటి యేడు థాయిలాండు ఐరోపా చక్కెర పద్ధతిపై అక్కడ ఫిర్యాదు చేసినవి. మనవంటి దేశములనుండి ఎంత చక్కెర కొనుచున్నదో దాదాపు అంత చక్కెరను ఐరోపా సహాయధనముతో బయట విపణిలో అమ్ముచున్నదని, అది ఇచ్చిన మాటకు మించినదని వారి వాదము. మారిషస్‌పై తమకు ఫిర్యాదు లేదని వారు చెప్పిరి. నిజమే, లేదు. ఏనుగులు కొట్లాడుకొన్నప్పుడు వానికి గడ్డిపై కోపము ఉండదు. మనము ఆ వ్యాజ్యములో మూడవ పక్షముగా మాత్రము మాట్లాడితిమి. 2005 ఏప్రిలులో తుది తీర్పు ఐరోపాకు వ్యతిరేకముగా వచ్చినది. ఆ సంవత్సరము నవంబరులోనే ఐరోపా తన చక్కెర ధరను నాలుగేండ్లలో నూటికి 36 వంతులు తగ్గించుటకు నిశ్చయించినది. టన్నుకు 523.7 యూరోలున్న ముడి చక్కెర ధర 335.2కు దిగినది. 2007లో ఐరోపా చక్కెర ఒడంబడికకు ముగింపు తాఖీదు ఇచ్చినది. 2009 అక్టోబరు 1నుండి ఆ ఒడంబడిక లేదు.

లోమేలో చేసిన ఆ ఒడంబడికలో ‘నిరవధికముగా’ అను మాట యుండెను. మనవారు ఆ మాటను పట్టుకొని ముప్పదియేండ్లు నిశ్చింతగానుండిరి. చివరి పుటలలో రెండేండ్ల తాఖీదుతో ఎవరైన విడిపోవచ్చునను వాక్యము కూడ ఉండెను. కోరంగి రేవులో వ్రేలిముద్ర వేసిన తాతకు ఒప్పందము చదివి వినిపించినవారు అన్ని వాక్యములను చదివిరో లేదో. మనవలకు చదువు వచ్చియు, చివరి పుట చదువుట ఆలస్యమైనది.

ఇప్పుడు మిల్లులు మూడే మిగిలినవి. 1973లో ఏడు లక్షల టన్నులు దాటిన చక్కెర ఉత్పత్తి ఇటీవల మూడు లక్షలకు లోపడియున్నది. చెరకు భూమిలో గొప్ప భాగము బీడైనది, లేదా ఇండ్ల స్థలములైనది. ముందుగా విడిచినవారు చిన్న రైతులే. 1880లో ధర పడగా నేల దొరనుండి మనకు వచ్చినది. 2009లో ధర పడగా మన చేతినుండి జారుచున్నది. ఈ రెండు పతనములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే ఆ యువకునికి మా జవాబునకు ఆరంభము.

మొదటి పతనమున మనకు ఏ రాజ్యమును లేదు. తోట మూసినచో కూలీ మూట గట్టుకొని మరియొక తోటకు పోవలెను, అంతే. రెండవ పతనమునకు రాజ్యము ఉండెను. 2001 నుండి స్వచ్ఛంద విరమణ పథకము క్రింద తోట పని విడిచిన కార్మికులకు రొక్కముతోపాటు ఇంటి స్థలము కూడ ఇప్పించిరి. మూయదలచిన మిల్లు ఏయే షరతులకు లోబడి మూయవలెనో ప్రభుత్వము వ్రాసినది. ఐరోపానుండి సవరణ సహాయమని ధనము రాబట్టిరి. దానిలో కొంత చిన్న పొలములను కలిపి, రాళ్లు తీసి, నీరు పెట్టు పథకమునకు వెళ్లినది. 60 టన్నులవరకు చక్కెర పండించు చిన్న రైతులకు ఖజానానుండి ఒక కనీస ధర హామీ ఇచ్చిరి. మిల్లులో మండి విద్యుత్తగు చెరకు పిప్పికి గూడ రైతునకు వెల కట్టిరి. ఇవి చాలునని మేము చెప్పుట లేదు. కొన్ని ఆలస్యముగా వచ్చినవి. కొన్ని కాగితములను నింపలేకయే మనవారు పోగొట్టుకొనిరి. బ్రస్సెల్సులో ధర తగ్గించినప్పుడు ఆ తగ్గుదల ఎవరి నెత్తిపై ఎంత పడవలెనో పోర్ట్ లూయిలో నిర్ణయమైనది. అది చిన్న అధికారము కాదు.

మన రాజ్యము ఎప్పుడును దెబ్బ తినునదియే యని అనుకొనుట కూడ సరికాదు. 1982లో మారిషస్, భారతదేశము ఒక పన్ను ఒడంబడిక చేసికొన్నవి. భారతదేశపు వాటాలను అమ్మి సంపాదించిన లాభముపై మారిషస్‌లో నమోదైన సంస్థకు ఇక్కడనే పన్ను. ఇక్కడ అట్టి పన్ను లేనే లేదు. అందుచేత 1990 తరువాత ప్రపంచపు పెట్టుబడి మన పోర్ట్ లూయి గదులమీదుగా భారతదేశమునకు పారినది. పెక్కు సంవత్సరములు భారతదేశమునకు వచ్చు విదేశీ పెట్టుబడిలో మొదటి స్థానము కాగితముపై మనదియే. కూలీలను పంపిన మహాదేశపు పన్ను అధికారమును, ఆ కూలీల మనవల దీవి తన చట్టముతో ముప్పదియేండ్లకు పైగా తగ్గించి యుంచినది! తుదకు 2016లో భారతదేశము ఒడంబడికను మార్పించినది; 2017 ఏప్రిలు నుండి కొనిన వాటాలకు పన్ను అక్కడనే. పేదవాని పన్ను ఎగ్గొట్టు ధనికునకు దారి చూపుటలో మనకు గర్వకారణము ఏమియు లేదని మేము భావించుచున్నాము. మన దేవాలయ చందాదారులలో ఆ గదులలో ఉద్యోగము చేయువారు కలరు. వారు మమ్ము క్షమింతురు గాక.

రాజ్యములు కరగిపోవుచున్నవనువారికి 2023 జూలై 20వ తేదీని చూపుదుము. ఆ దినమున భారత ప్రభుత్వము బాస్మతి కాని తెల్ల బియ్యము ఎగుమతిని నిషేధించినది. తన దేశములో ధర పెరుగుచున్నదని ఒక్క ప్రకటనతో సముద్రముపై వ్యాపారమును నిలిపినది. ఇక్కడి దుకాణములలో బస్తాలవైపు జనులు చూచిన చూపు మాకు జ్ఞాపకమున్నది. నైవేద్యమునకు బియ్యము ముందుగా కొని పెట్టమని మాకు ఇద్దరు ముగ్గురు పెద్దలు సలహా యిచ్చిరి. ఆగస్టు నెల చివర, ప్రభుత్వములు మాటాడుకొనిన పిమ్మట, మారిషస్‌కు 14,000 టన్నులు, భూటానుకు 79,000 టన్నులు, సింగపూరునకు 50,000 టన్నులు మినహాయించి పంపుటకు అనుమతి వచ్చినది. అర్ఘాధిపతి అప్పుడు విపణిలో లేడు. ఢిల్లీలో ఒక దస్త్రముమీద సంతకము చేయుచుండెను. మన పక్షమున ఆ తలుపు తట్టినది మన ప్రభుత్వము. ఏ వర్తకుడును ఒంటరిగా పోయి ఆ 14,000 టన్నులను తెచ్చియుండలేడు.

కావున, నాయనా, అర్ఘాధిపతి ఎక్కడ ఉన్నాడని నీవడిగితివి. ఒకనాడు లండనులో, ఒకనాడు బీటు పొలములలో, ఒకనాడు జెనీవాలో, ఒకనాడు ఢిల్లీలో ఉండెను. ఆయన ఎన్నడును పోర్ట్ లూయిలో కాపురముండలేదు. రాజు పని ఆయనను దింపుట కాదు, అది ఈ దీవి రాజునకు ఎన్నడును చేతకాలేదు. ఆయన వద్దకు మన పక్షమున పోయి మాటాడుట, తిరిగివచ్చి తెచ్చినదానిని పంచుట, తేలేనిదానిని ఎవరు భరింపవలెనో తేల్చుట ఆ రాజు పని. ఆ మూడింటిలోను నీ ఓటునకు చోటు కలదు. తండ్రి పొలము విషయమున మాత్రము ఓటుకన్న ముందు కాగితము కావలెను.

చిన్న పొలములను కలిపి సేద్యము చేయు విషయమై మన దేవాలయ మండపమున వచ్చు ఆదివారము సాయంకాలము, భజన ముగిసిన పిమ్మట, రైతులు కూడుచున్నారు. నాలుగు ప్రక్కప్రక్క పొలములవారు ఒప్పుకొన్నచో యంత్రము వచ్చి రాళ్లు తీయును. ఒక్కరు విడిచినచో యంత్రమునకు దారి లేదు. నీ తండ్రి పొలము మూడు పొలముల నడుమ నున్నది. ఇరుగుపొరుగువారు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకొనిరి. కొనుగోలు దస్తావేజు, చివరి తూనిక చీటీలు తెచ్చినచో మంచిది. చీటీలు పోయినవారికి మిల్లునుండి నకలు తెప్పించుటకు మేము వ్రాసి పెట్టుదుము.